సూర్యావతిగారి డ్యాన్సు సీడీ

ఆ సీడీకి చివర్లో ఒకచోట గీత ఉండేది. గెంతులన్నీ అయిపోయాక, వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకోమని చెప్పే భాగంలో, వేణువు లాంటి సంగీతం మెల్లగా సాగుతూ సాగుతూ ఉన్నట్టుండి ఒక ముక్క దగ్గర ఇరుక్కుపోయేది. అదే ముక్క, మళ్లీ అదే ముక్క. మూడోసారికో నాలుగోసారికో సూర్యావతిగారు లేచి వచ్చి ప్లేయరు మీద అరచేత్తో ఒక్కటి ఇచ్చేవారు. సంగీతం ముందుకి కదిలేది. శనివారాలు నాకు కాలేజీ ఆలస్యంగా మొదలయ్యేది కాబట్టి, మేడమీద బియ్యం కడుక్కుంటూ ఆ దెబ్బ చప్పుడు వినేదాన్ని. అది వినిపిస్తే కింద అంతా సవ్యంగా ఉన్నట్టు.

2003 నాటి సంగతి ఇది. భీమవరంలో ఆవిడ ఇంటి మేడమీద వాటాలో అద్దెకుండేవాళ్లం. నేను జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదాన్ని. మా ఆయన ఏసురాజు కాకినాడ దగ్గర రొయ్యపిల్లల హేచరీలో పని. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లారకుండా వెళ్లిపోయేవాడు. మా పాప హెప్సీకి మూడేళ్లు నిండి రెండు నెలలు. సైన్సు చదువుకుంటే భయాలు తగ్గుతాయంటారు గాని నాకు పెరిగాయి. ఏ ప్రమాదాన్ని ఏమంటారో తెలుసు, దానికి ఎన్ని నిమిషాలు పడుతుందో కూడా తెలుసు. పాప గొంతులో శనగగింజ అడ్డం పడుతుందేమోనని ఇంట్లో శనగలే ఉంచేదాన్ని కాదు.

ఇంటర్ పిల్లలకి ఉదయం ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకా స్టడీ అవర్ అని పెట్టారు. ఆ సమయానికి పాపని ఎక్కడ ఉంచాలో తెలియక నేను సతమతమవుతుంటే సూర్యావతిగారే మెట్ల దగ్గర నిలబడి అడిగారు.

"ఎందుకమ్మా ఆ పిల్లని నిద్రకళ్లతో రిక్షా ఎక్కించి తిప్పుతావు? నా దగ్గర వదిలెయ్యి. నాకు మాత్రం పొద్దున్నే ఎవరున్నారు, పాలగిన్నె తప్ప."

నిజమే, ఎవరూ ఉండేవారు కాదు. భర్త శ్రీనివాసరాజుగారు అయిదున్నరకే రొయ్యల చెరువుల మీదకి వెళ్లిపోయేవారు. కూతురు కీర్తిప్రియ విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదువుతోంది. పనిమనిషి అప్పాయమ్మ తొమ్మిదింటికి గాని వచ్చేది కాదు. అలా హెప్సీకి ఒక మామ్మ దొరికింది.

సూర్యావతిగారికి అప్పటికి నలభై ఆరేళ్లు. పద్దెనిమిదో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చారట. వచ్చిన రోజున బండి ఆగగానే బండివాడు దిగి, దూరంగా వెళ్లి, గోడవైపు తిరిగి నిలబడితే గాని ఆవిడ్ని దించలేదట. అప్పటికే చాలా ఇళ్లలో ఘోషా సడలిపోయింది, వాళ్ల మామగారింట్లో మాత్రం ఇంకా పట్టింపు. ఆయన పోయాక అదీ పోయింది. తెరలు తీసేశారు. కారు కొన్నారు. ఆవిడ గుడికీ, పెళ్లిళ్లకీ, బట్టల కొట్టుకీ కారులో వెళ్లేవారు, కొట్టువాడితో గీచి గీచి బేరమాడేవారు కూడా. కాని రోడ్డు మీద నడవడం మాత్రం రాలేదు.

"నవ్వకు జ్యోతమ్మా. మా వీధి చివరి దాకా ఒక్కసారి నడిచి చూశాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అందరూ నా కాళ్లే చూస్తున్నట్టుంది. సగం దూరంలో వెనక్కొచ్చేశాను."

ఆ ఏడు ఎండాకాలంలో ఆవిడకి షుగరుందని తేలింది. డాక్టరు బిళ్లలు రాసి, రోజూ ముప్పావుగంట నడవమన్నాడు. ఈవిడ డాబా మీద తిరగడం మొదలుపెట్టారు. పక్క డాబా మీద అప్పడాలు ఎండబెట్టుకునేవాళ్లు పలకరిస్తుంటే రెండో రోజే మానేశారు. మానేశారు గాని ఆ తర్వాత నిద్ర పట్టేది కాదట. ఎందుకంటే పాలకొల్లులో ఉన్న వాళ్ల అక్క నాగవల్లిగారికి అంతకు ముందు సంవత్సరమే మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. ఆవిడదీ షుగరే. కాలికి చేప ముల్లు గుచ్చుకుంటే పట్టించుకోలేదు.

"మంచం మీద కూర్చుని ఉంటుంది. దుప్పటి కప్పుకుని ఉంటుంది. ఒకవైపు ఎత్తుగా ఉంటుంది, ఒకవైపు ఉండదు. మాట్లాడుతున్నంతసేపూ నా చూపు అక్కడికే పోతుంది" అని ఒకసారి చెప్పి, చీర అంచు లాగి తన పాదాలు కప్పుకున్నారు.

జూన్‌లో కీర్తిప్రియ సెలవులకి వచ్చి వెళ్తూ వెళ్తూ ఆ సీడీ ఇచ్చింది. ఇంట్లోనే డ్యాన్సు చేస్తూ బరువు తగ్గే వీడియో. స్నేహితురాలి దగ్గర తెచ్చిందట, గీత అప్పటికే ఉంది. అందులో నీలం బట్టలు వేసుకున్న ఒక అమ్మాయి, వెనక ఇంకో నలుగురు. అంతా ఇంగ్లీషు. మొదటి రోజు అర్థం చెప్పడానికి నన్ను పిలిచారు. తలుపులు గడియపెట్టి, కిటికీ రెక్కలు మూసి, పరదాలు కూడా లాగారు. లోపల ఉక్కపోత.

"ఆ పిల్ల ఏమంటోంది?"

"ఊపిరి పీల్చుకోమంటోందండి."

"అది కూడా చెప్పాలా ఏంటి? పీల్చుకోకుండా ఎవరున్నారు? ఇప్పుడేమంటోంది?"

"నవ్వుతూ చెయ్యమంటోందండి."

"ఎవర్ని చూసి నవ్వాలంట?"

చీరతో మొదలుపెట్టారు. మూడో గెంతుకే కుచ్చిళ్లు కాలికి తగిలి సోఫా మీద పడ్డారు. మర్నాటి నుంచి కూతురి పాత చుడీదార్ వేసుకోవడం మొదలుపెట్టారు. చున్నీ లేకుండా, జుట్టు ముడి వేసుకుని. ఆ బట్టల్లో ఆవిడ్ని నేనూ హెప్సీ తప్ప ఎవరూ చూడలేదు, రాజుగారు కూడా. "ఆయన చూస్తే నవ్వరు. అదే భయం. ఏమీ అనకుండా పేపరు చదువుకుంటారు" అన్నారు.

రెండు నెలలకి ఆ నలభై నిమిషాల వీడియో ఆవిడకి కంఠస్థమైపోయింది. నీలం బట్టల అమ్మాయిని మాస్టారమ్మ అని పిలిచేవారు. హెప్సీ కూడా పక్కన నిలబడి చేతులు తిప్పేది. హెప్సీకి అన్నిటికన్నా ఇష్టమైనది చివరి భాగం. మామ్మ పక్కన చాప మీద పడుకుని, మామ్మ వేలు పట్టుకుని కళ్లు మూసుకోవడం. పాట అయ్యేదాకా ఎవరూ కదలకూడదు, మాట్లాడకూడదు. గీత దగ్గర ఇరుక్కుంటే మామ్మ మాత్రం లేవొచ్చు, హెప్సీ లేవకూడదు. అలా లేవకుండా ఉంటే పూజ అయ్యాక పటిక బెల్లం ముక్క.

ఆగస్టులో ఒకరోజు మెట్ల మీద కూర్చుని సూర్యావతిగారు నన్నో ప్రశ్న అడిగారు. "నువ్వు చదువుకున్నదానివి కదా, చెప్పు. ఈ గెంతులు గెంతితే షుగరు ఎక్కడికి పోతుంది?"

పాఠం చెప్పే అలవాటు కొద్దీ చెప్పాను. "స్టవ్‌లో కిరసనాయిలు కాలినట్టేనండి. కండరాల్లో చక్కెర కాలుతుంది. ఎంతసేపు మంట వెలిగితే అంత ఖర్చవుతుంది."

"అయితే బాగా వెలిగిస్తే తొట్టి ఖాళీ అయిపోతుందన్నమాట."

"అంతేనండి" అని నవ్వాను.

తొట్టి ఖాళీ అయితే మంట ఆరిపోతుందని మాత్రం చెప్పలేదు. అడిగింది దానికే జవాబు చెప్పాను. ఆ తర్వాత ఎన్ని క్లాసుల్లో ఎన్ని పాఠాలు చెప్పానో గాని, ఆ మెట్ల మీద వదిలేసిన ఒక్క వాక్యాన్ని మరిచిపోలేదు.

కార్తీకమాసం వచ్చింది. సూర్యావతిగారు పెళ్లయినప్పటి నుంచి కార్తీక సోమవారాలు తప్పలేదు. తెల్లారకుండా తలస్నానం, తులసి దగ్గర దీపం, పగలంతా ఉపవాసం, సాయంత్రం చుక్క చూశాక భోజనం. ఆ ఏడు మాత్రం కొత్తగా మూడు వచ్చి చేరాయి. షుగరు, బిళ్ల, డ్యాన్సు. నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు ఎవరూ లేరు. డాక్టరుకి సోమవారం సంగతి తెలియదు. రాజుగారికి డ్యాన్సు సంగతి తెలియదు. అన్నీ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

రెండో సోమవారం ఉదయం ఆరూ నలభై అయిదుకి హెప్సీని కింద వదిలేటప్పటికి ఆవిడ తడిజుట్టు ఆరబెట్టుకుంటున్నారు. పాదాలకి పసుపు రాసుకున్నారు.

"రేపు రక్తపరీక్ష, జ్యోతమ్మా" అన్నారు. "ఈసారి తగ్గకపోతే సూదిమందేనన్నాడు ఆ డాక్టరు. మా అక్కకీ ముందు సూదే మొదలెట్టారు. ఆ తర్వాతే కాలు."

"తగ్గుతుందిలెండి. ఇన్నాళ్ల నుంచి చేస్తున్నారు కదా."

"ఇవాళ ఎలాగూ ఉపవాసం. ఇవాళ బాగా చేస్తాను. పరీక్షకి ముందురోజు నీ పిల్లలు మాత్రం రెండుసార్లు చదవరా ఏంటి."

పాపకి ముందురోజు నుంచి కొంచెం దగ్గుగా ఉంది. నా మనసంతా దాని మీదే. "మంచినీళ్లు కాచినవే ఇవ్వండి పిన్నిగారండీ" అని చెప్పి వెళ్లిపోయాను.

స్టడీ అవర్ అయ్యాక రిక్షా దిగేసరికి ఎనిమిదీ ఇరవై. మా ఇంటి ఎదురుగా ఐసు ఫ్యాక్టరీ. రొయ్యల లారీ ఒకటి ఆగి ఉంది, పదిమంది మగవాళ్లు ఐసు దిమ్మలు ఎక్కిస్తున్నారు. గేటు తీస్తుంటే లోపలి నుంచి వేణువు వినిపించింది. ఇంకా అవలేదా అనుకున్నాను. మామూలుగా ఏడూ ముప్పావుకల్లా అయిపోవాలి.

మెట్ల మీద కాలు పెట్టాక సంగీతం ఇరుక్కుంది అని అర్థమైంది. అదే ముక్క. దెబ్బ కోసం ఆగాను. మూడు. నాలుగు. ఏడు. పది. దెబ్బ పడలేదు.

వెనక్కి వచ్చి తలుపు కొట్టాను. "పిన్నిగారండీ."

అదే ముక్క.

"పిన్నిగారండీ, నేనండి జ్యోతిని. హెప్సీ."

ముందు తలుపుకి లోపల అడ్డగడియ. కిటికీలు మూసి ఉన్నాయి. ఇంటి పక్కనున్న సందులోంచి పరుగెత్తి వంటింటి కిటికీ దగ్గరికి వెళ్లాను. ఆ కిటికీకి ఊచలున్నాయి గాని రెక్కలు తెరిచే ఉన్నాయి. అందులోంచి చూస్తే వంటిల్లు, వంటింటి గుమ్మం, ఆ గుమ్మంలోంచి హాల్లో కొంత నేల కనిపిస్తుంది. నేల మీద చాప చివర. చాప మీద రెండు పాదాలు, పసుపు రాసినవి, చెరోవైపుకి వాలిపోయి. వాటి పక్కన మా పాప చిన్న పాదాలు.

నాలుగు పాదాలూ కదలడం లేదు.

కొంచెం పక్కకి వంగితే పాప మొహం కనిపించింది. కళ్లు గట్టిగా, ముడతలు పడేలా మూసుకుని ఉంది. నిద్రపోయేవాళ్లు అలా మూసుకోరు.

"హెప్సీ, అమ్మా. లే."

కళ్లు తెరవకుండానే వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"హెప్సీ, మామ్మని లేపు."

"ష్. పాట అవలేదు."

"మామ్మ పలుకుతోందా?"

"పడుకునే ఆటలో పలక్కూడదు."

అదే ముక్క, మళ్లీ అదే ముక్క. ఆ పాట ఎప్పటికీ అవదు. పటిక బెల్లం ముక్క కోసం నా కూతురు ఎంతసేపైనా అలాగే పడుకుంటుంది. బుద్ధిమంతురాలని అందరితో చెప్పుకునేదాన్ని. ఆ బుద్ధే ఇప్పుడు నాకు అడ్డంగా గడియలా నిలబడింది.

ఎదురుగా పదిమంది మగవాళ్లున్నారు. ఒక్క కేక వేస్తే గునపం తెచ్చి ముందు తలుపు పెకలించేస్తారు. కేక గొంతుదాకా వచ్చింది. వచ్చి ఆగింది. హాల్లో ఆవిడ చుడీదార్‌లో ఉన్నారు. చున్నీ లేదు. దీనికోసమే కదా ఇన్ని గడియలు, ఇన్ని పరదాలు. బండివాడు గోడవైపు తిరిగి నిలబడితే గాని బండి దిగని మనిషి. ఆ పదిమందీ చూశాక ఆవిడ కళ్లు తెరిస్తే, ఆ తర్వాత ఆ వీధిలో ఎలా ఉంటారు?

గడియారం చూసుకున్నాను. ఎనిమిదీ ఇరవై రెండు. మెదడుకి రక్తం అందకపోయినా, చక్కెర అందకపోయినా ఎన్ని నిమిషాల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. తెలిసి కూడా కేక వెయ్యలేదు.

పాట ఆగితే పాప లేస్తుంది. వరండాలోకి పరుగెత్తాను. మీటరు బోర్డు అక్కడే, గోడకి ఎత్తులో. ముక్కాలిపీట లాక్కుని ఎక్కి ఫ్యూజు పీకేశాను. సంగీతం ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం సంగీతం కన్నా భయంగా ఉంది.

మళ్లీ కిటికీ దగ్గరికి వచ్చేసరికి హెప్సీ లేచి కూర్చుంది. "అయిపోయింది మామ్మా" అని ఆవిడ భుజం తడుతోంది.

"హెప్సీ, ఇటు రా. వంటింటి పెరటి తలుపు దగ్గరికి. ఆ కింద గడియ ఉంది కదా, దాన్ని పక్కకి లాగు."

ఆ తలుపుకి పైగడియ వానలకి తుప్పుపట్టి పడటం లేదని అప్పాయమ్మ రోజూ సణిగేది. ఆ సణుగుడే ఆరోజు మాకు దారి చూపించింది. పాప వచ్చింది. గడియ పట్టుకుంది.

"రావట్లేదమ్మా."

"రెండు చేతులతో లాగు." నేను బయటి నుంచి తలుపుని నావైపు లాక్కుని పట్టుకున్నాను, గడియ వదులవుతుందని.

"మామ్మ ఒద్దంది. మామ్మ తీస్తేనే తియ్యాలంది. మామ్మని అడిగొస్తా."

"ఒద్దమ్మా, హెప్సీ, వెళ్లకు."

చిన్న అడుగుల చప్పుడు దూరమైంది. నేను ఆ తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాను. ప్రార్థన చేద్దామంటే ఒక్క మాట గుర్తుకి రాలేదు. గుర్తుకొచ్చింది కిరసనాయిలు స్టవ్.

అడుగులు మళ్లీ వచ్చాయి. "మామ్మ మాట్లాడట్లేదు. మామ్మ చెయ్యి తడిగా ఉంది." గొంతు మారింది. ఏడుపు మొదలవబోతోంది.

"మామ్మకి దాహమేస్తోంది. మనం వెళ్లి నీళ్లిద్దాం. గడియ లాగితే అమ్మ లోపలికొస్తుంది. ఒకటి, రెండు, మూడు అంటాను. మాస్టారమ్మలా."

మూడు అన్నప్పుడు గడియ జారింది. ఎనిమిదీ ఇరవై ఆరు.

ఆవిడ ఒళ్లంతా తడిసిపోయి ఉంది, చల్లటి చెమట. దవడలు బిగుసుకుని ఉన్నాయి. ఊపిరి ఉంది, గురకలా. నాడి వేగంగా కొట్టుకుంటోంది. గుండె అనుకున్నాను ముందు. అప్పుడు టీవీ పక్కన స్టీలు గ్లాసు, బిళ్లల అట్ట కనిపించాయి. అట్టలో కొత్తగా చింపిన గడి ఒకటి ఖాళీ. వంటింట్లో పొయ్యి మీద ఏమీ లేదు. అప్పుడు గాని నాలుగూ ఒకదాని పక్కన ఒకటి వచ్చి నిలబడలేదు.

పూజగదిలో పంచామృతానికి తేనె సీసా ఉంటుంది. నేను ఆ గుమ్మం ఎప్పుడూ దాటలేదు, ఆవిడ దాటమన్నా. ఆరోజు చెప్పులతోనే లోపలికి వెళ్లి తీసుకొచ్చాను. ఆవిడ్ని పక్కకి తిప్పి, వేలికి తేనె అద్ది చెంప లోపల రాశాను. పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాయడం, ఆగడం, ఊపిరి వినడం, మళ్లీ రాయడం. హెప్సీ పక్కనే కూర్చుని "నాకూ తేనె" అంది.

మంచం మీది దుప్పటి తెచ్చి మెడ నుంచి పాదాల దాకా కప్పాను. అప్పుడు ముందు తలుపు తీసి కేక వేశాను.

ముందు వచ్చింది ఐసు ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉండే వీరాస్వామి. వెనక నలుగురు. "ఆయ్, ఏమైందండి మేడంగారూ? సంగీతం ఆగిపోయింది, కరెంటేమో అనుకున్నామండి. ముందే ఒక కేకెయ్యాల్సిందండి." ఆటో పిలిచారు. దుప్పటితో సహా ఎత్తారు. ఎత్తుతున్నంతసేపూ వీరాస్వామి మొహం పక్కకి తిప్పుకునే ఉన్నాడు, దుప్పటి జారకుండా ఒక చేత్తో పట్టుకుని.

ఆస్పత్రిలో వేలు గుచ్చి చూస్తే షుగరు ఇరవై ఎనిమిది. నరంలోకి గ్లూకోజు ఎక్కించిన కాసేపటికి కళ్లు తెరిచారు. పైకప్పుని చూశారు, నన్ను చూశారు. నాలుకతో పెదాలు తడుపుకున్నారు.

"నోరేంటి తియ్యగా ఉంది? ఇవాళ సోమవారం కదా."

రాజుగారు చెరువు మట్టి కాళ్లతోనే వచ్చారు. మంచం చివర నిలబడి, దుప్పటి కింద నుంచి ఆవిడ కుడికాలి బొటనవేలు పట్టుకుని, నర్సు బయటికి పంపేదాకా వదలలేదు.

మూడు రోజులకి ఇంటికి పంపించారు. ఆ మూడు రోజులూ నాకు కళ్లు మూస్తే నాలుగు పాదాలే. రాజమండ్రిలో ఉన్న అమ్మకి ఫోన్ చేసి, వచ్చి ఒక నెల ఉండమని అడిగాను. పాపని ఇక కింద వదలకూడదని నిర్ణయించుకున్నాను. కాని ఆ మాట ఆవిడకి ఎలా చెప్పాలో తెలియలేదు. అదొక్కటే కాదు, ఇంకొకటి కూడా చెప్పాలి.

ఆవిడ మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నారు. అంతకుముందు సోమవారం కూడా చెమటలు పట్టి కళ్లు తిరిగాయని అప్పుడు చెప్పారు. "చెమట పడితే మంచిదని మాస్టారమ్మ చెప్పింది కదా, బాగా పనిచేస్తోందనుకున్నాను. అందుకే ఈసారి రెండుసార్లు వేశాను. మందు ఉపవాసానికి అడ్డం కాదు కదా, బిళ్ల కూడా మానలేదు."

"పిన్నిగారండీ, మీకొకటి చెప్పాలి. నేను నాలుగు నిమిషాలు ఆలస్యం చేశాను."

"ఏంటి ఆలస్యం?"

"ఎదురుగా వీరాస్వామివాళ్లు ఉన్నారు. పిలిచి తలుపు పగలగొట్టించొచ్చు. పిలవలేదు."

ఆవిడ ఇడ్లీ ముక్క పళ్లెంలో పెట్టేశారు.

"ఆ చుడీదార్ గురించా?"

"మీరు బాధపడతారేమోనని."

"నేను పోతే నన్ను ఎత్తేది మగవాళ్లే కదా జ్యోతమ్మా. అప్పుడు ఎవరు గోడవైపు తిరుగుతారు?" అన్నారు. గొంతులో కోపం లేదు, కాని నవ్వు కూడా లేదు. "నీ తప్పు కాదులే. ఆ గడియలన్నీ పెట్టుకుంది నేను. నీ పిల్లని కూడా లోపల పెట్టేసుకున్నాను" అన్నారు.

నేను మంచినీళ్ల గ్లాసు ఆవిడకి దగ్గరగా జరిపాను.

"ఇంక పంపవు కదూ పాపని."

"మా అమ్మ వస్తోందండి" అన్నాను. ఆవిడకి అది జవాబులాగే వినిపించి ఉంటుంది. పళ్లెం పక్కన పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నారు.

ఆ శనివారం కింద సుత్తి చప్పుడుకి తొంగి చూశాను. వడ్రంగి హాలు తలుపుకున్న అడ్డగడియ ఊడదీస్తున్నాడు. రాజుగారు పేపరు పట్టుకుని వరండాలో కూర్చున్నారు, చదవడం లేదు. సోమవారం ఉదయం అమ్మా, నేనూ హెప్సీకి పాలు పడుతుంటే కింద పాట మొదలైంది. హెప్సీ గ్లాసు వదిలేసి మెట్లు దిగిపోయింది. వెనకే పరుగెత్తాను.

ముందు తలుపు రెండు రెక్కలూ బార్లా తీసి ఉన్నాయి. గుమ్మం పక్కన స్టూలు మీద ఖాళీ పళ్లెం, అందులో చట్నీ మరకలు. కార్తీక సోమవారం. సూర్యావతిగారు చుడీదార్ మీద చున్నీ అడ్డంగా కట్టుకుని, వీధికి వీపు పెట్టి, చేతులు పైకెత్తి తిప్పుతున్నారు. ఎదురుగా లారీ ఆగి ఉంది. వీరాస్వామి గేటు దగ్గర బీడీ కాల్చుకుంటూ ఒకసారి చూసి, లారీ నంబరు రాసుకోవడంలో పడ్డాడు.

"చూసేవాళ్లు వీపు చూసుకుంటారులే" అన్నారు ఆవిడ, వెనక్కి తిరగకుండానే. మెడ మీద చెమట. పసుపు రాసిన పాదాలు లయ తప్పుతున్నాయి. "రెండిడ్లీలు తిన్నాను. శివుడికి చెప్పాను. ఆయనేమీ అనలేదు."

హెప్సీ వెళ్లి పక్కన నిలబడింది. నేను ఆపలేదు. గుమ్మం దగ్గర కూర్చున్నాను, కాలేజీకి ఆలస్యమైనా సరే అని.

డిసెంబరులో కీర్తిప్రియ వచ్చినప్పుడు గీత లేని కొత్త సీడీ తెచ్చింది. సూర్యావతిగారు దాన్ని అట్టపెట్టెతో సహా బీరువాలో పెట్టేశారు. నేను అడిగితే ప్లేయరు వైపు చూపించారు.

"గీత ఉంటేనే కదా నేను లేచి కొట్టేది. అది ఇరుక్కుంటుంది, నేను కొడతాను, పైన నీకు వినిపిస్తుంది. లేకపోతే నాకేమైందో నీకెలా తెలుస్తుంది?"

అప్పటి నుంచి ఆ ఇంట్లో ఇంకో రెండేళ్లున్నాం. అమ్మ నెల తర్వాత వెళ్లిపోయింది, పాప మళ్లీ మామ్మ దగ్గరే పెరిగింది. శనివారం ఉదయాలు బియ్యం కడుగుతూ ఉంటే వేణువు వినిపించేది, ఆ ముక్క దగ్గరికొచ్చి ఇరుక్కునేది. నీళ్లలో చేతులు అలాగే ఉంచి లెక్కపెట్టేదాన్ని. ఒకటి. రెండు. మూడు. కొన్నిసార్లు అయిదు దాకా కూడా వెళ్లేది, ఆవిడ మోకాళ్లు నొప్పులుగా ఉన్న రోజుల్లో. దెబ్బ పడ్డాకే మళ్లీ చేతులు కదిలేవి.